అవును పక్కనున్న మాట

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పి ఉంటే మీరే సరిచేసుకుని చదవండి. పొద్దున్నే నాలుగు వాక్యాలు రాస్తే మళ్ళీ మర్నాటి దాకా నాకు చెయ్యి ఆడదు. ఈ కథకి రెండు వేసవులు పట్టింది. తొందరగా చెప్పడం చేతకాదు, జరిగింది జరిగినట్టు చెప్పడమే తెలుసు.

*

భీమడోలు రైలు గేటు దాటాక, చేపల మేత కొట్టుకీ టైర్ల షాపుకీ మధ్య అచ్యుతరావు గారి నీటి పరీక్షల ల్యాబు ఉంది. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల రైతులు పొద్దు పొడవకుండానే సీసాల్లో నీళ్ళు పట్టి అక్కడికి తెస్తారు. ఆ నీళ్ళలో ఏది ఎక్కువైందో, ఏది తగ్గిందో తేల్చి కాగితం మీద అచ్చు వేసి ఇస్తే, దాన్నిబట్టి ఆ పూట చెరువుకి ఏం చెయ్యాలో అది చేస్తారు.

పొద్దున్న అయిదింటికి ల్యాబు తలుపు తీసేది మెహరున్నీసా. లోపల ఊడ్చి, ఫినాయిలు నీళ్ళతో తుడిచి, గాజు గొట్టాలు మూడుసార్లు కడిగేది. రెండుసార్లు కుళాయి నీళ్ళతో, మూడోసారి డబ్బాలో ఉండే స్వచ్ఛమైన నీళ్ళతో. గొట్టంలో కుళాయి నీటి చుక్క మిగిలినా పరీక్ష తప్పు చూపిస్తుంది. ఆ పని అయ్యాక చెయ్యి తుడుచుకుని కంప్యూటరు స్విచ్చి నొక్కేది. అది పాతది, లేవడానికి పావుగంట పడుతుంది. తను వచ్చేసరికి సిద్ధంగా ఉంటుందని దీవెనే ఆమెకి స్విచ్చి చూపించింది.

దీవెన ఆగడాలలంక నుంచి మొదటి ఆటోకి వచ్చి పరీక్షలు చేసే అమ్మాయి. ఇరవై మూడేళ్ళుంటాయి. రైతులు వచ్చేలోగా దొరికే పది నిమిషాల్లో ఆమె మెహరున్నీసాకి ఇంకో సంగతి కూడా చూపించింది. వాడేసిన సీసాల మీది చీటీలు ఊడదీసి, చీపుర్లు పెట్టే బీరువా తలుపు లోపలి వైపు వరసగా అంటించేది. ఆటపాక. చెట్టున్నపాడు. శృంగవరప్పాడు. చీటీల మీద సిరా తడికి అలుక్కుపోయి ఉండేది. మెహరున్నీసా వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడుకునేది. ఎనిమిది నెలల్లో తలుపు నిండిపోయింది.

"రావుగారికి చెబుదామా పిన్నిగారూ, మీకు చదవడం వచ్చిందని?" అని అడిగింది దీవెన ఒకరోజు.

"అప్పుడే వద్దమ్మా. రిపోర్టు మొత్తం ఆగకుండా చదివిన రోజు చెబుదాం. మధ్యలో ఆగితే నవ్వుతారు."

ఆ సోమవారం పొద్దున్న మెహరున్నీసా స్విచ్చి నొక్కి, బల్లలు తుడిచి వచ్చేసరికి తెర వెలిగి ఉంది. తెర మధ్యన ఒక పెట్టె. పెట్టెలో ఒక మూలన పచ్చటి చీపురు బొమ్మ. దాని పక్కన తెలుగు అక్షరాలు. రైతుల కోసమని దీవెన ఆ కంప్యూటరులో అన్నీ తెలుగులోనే పెట్టింది.

చీపురు బొమ్మ చూసి ఆమె దగ్గరికి వెళ్ళింది. కుర్చీలో కూర్చోలేదు. వంగి, తెరకి తగలకుండా వేలు గాలిలో కదుపుతూ కూడుకుంది.

"మీ... కం...ప్యూ...టర్... లో... చె...త్త... ఉన్...నది. శు...భ్రం... చే...య...వలెనా."

రెండోసారి చదివింది. ఈసారి మాటలు వాటంతటవే ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఇన్నాళ్ళూ ఆమె చదివినవి సీసాల మీది పేర్లు, బస్సు మీది ఊర్లు. అవి ఎవరితోనూ ఏమీ అడగవు. ఇది అడిగింది. ఆమె ఒక్కతే ఉన్న గదిలో, ఆమె చేసే పని గురించే, ఆమెకి అర్థమయ్యేలా అడిగింది.

కింద రెండు మీటలు. మొదటి దాని మీద మూడే అక్షరాలు. అ. వు. ను.

"అవును," అంది మెహరున్నీసా పైకే. చెత్త ఉందంటే తుడవననే మనిషి కాదు. దీవెన చెయ్యి ఎలా కదులుతుందో రోజూ చూస్తూనే ఉంది. మౌసు పట్టుకుని బాణాన్ని తిన్నగా ఆ మాట మీదికి తీసుకెళ్ళి నొక్కింది. ఇంకో పెట్టె వచ్చింది. అందులో పొడుగు మాటలు ఉన్నాయి కానీ కింద మళ్ళీ అదే మూడక్షరాలు. మళ్ళీ నొక్కింది. పచ్చ చీపురు తెర మీద అటూ ఇటూ ఊడ్చి మాయమైంది.

దీవెన వచ్చేటప్పటికి ఆమె గుమ్మం దగ్గర నీళ్ళు చల్లుతోంది. తనలో తనే నవ్వుకుంటోంది.

"ఏంటి పిన్నిగారూ, పొద్దున్నే అంత సంతోషం?"

"ఏం లేదమ్మా. పని ముందే అయిపోయింది."

*

మధ్యాహ్నానికి తెర కుడిచేతి మూలన చిన్న చిన్న చీటీలు లేవడం మొదలైంది. మీరు కారు గెలుచుకున్నారని ఒకటి. మీ కంప్యూటరులో అయిదు వైరస్‌లని ఒకటి. దీవెన ఒక్కోటీ మూసేకొద్దీ ఇంకోటి లేచింది. మంగళవారం పొద్దున్నకి బొమ్మలు కూడా వచ్చాయి. చెట్టున్నపాడు రైతు దుర్గాసాయి బల్ల దగ్గర నిలబడి ఉండగా, అతని చెరువు రిపోర్టు మీద, బట్ట సరిగ్గా లేని ఆడమనిషి బొమ్మ తెరంతా పరుచుకుంది.

వరసలో ఉన్న రైతులు నలుగురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"ఏవమ్మా దీవెనా, నీళ్ళ సంగతి అడిగితే రికార్డింగ్ డాన్సు చూపిస్తున్నావేంటి?" అన్నాడు దుర్గాసాయి.

ఒకడు గట్టిగా నవ్వాడు. దీవెన ముఖం ఎర్రబడింది. తెర ఆపేసి మళ్ళీ వేసింది. పావుగంట. మళ్ళీ ఆ బొమ్మే.

"చేతితో రాసిస్తానండి. అమ్మోనియా ఎక్కువే ఉంది. నీళ్ళు మార్చుకోండి."

"పోయిన వారం ఎంతుందో చూడకుండా ఎలా మార్చేదమ్మా? పెరుగుతుంటే ఒక మందు, తగ్గుతుంటే ఒక మందు. కాలవలో నీళ్ళు కూడా అంతంతమాత్రంగా ఉన్నాయి. నీ పెట్టెలో ఉన్న అంకె చూసి చెప్పు."

ఆ అంకె పెట్టెలోనే ఉండిపోయింది. దుర్గాసాయి పన్నెండింటిదాకా కూర్చుని లేచి వెళ్ళాడు. సాయంత్రం నాలుగింటికి ఫోను చేశాడు. చేపలు పైకొచ్చి గుటకలేస్తున్నాయని, గట్టు వార తెల్లగా తేలుతున్నాయని. ఆ మాటలు ఫోను చెవి దగ్గర పెట్టుకున్న దీవెనకే కాదు, బల్ల తుడుస్తున్న మెహరున్నీసాకి కూడా వినపడ్డాయి.

అయిదింటికి అచ్యుతరావు గారు వచ్చారు. ఉంగుటూరు దగ్గర చేపల చెరువు, ఇక్కడ ఈ ల్యాబు, రెండూ చూసుకునే మనిషి. గొంతు ఎత్తి మాట్లాడగా ఎవరూ వినలేదు. ఆ రోజు కూడా ఎత్తలేదు. చెప్పులు విడిచి లోపలికొచ్చి తెర మీది బొమ్మని ఒక్కసారి చూసి, చూపు గోడ మీదికి తిప్పుకున్నారు.

"మనం ఏం చూస్తే అలాంటివే వస్తాయంటమ్మా ఇందులో. మా అమ్మాయి అఖిల చెప్పింది."

"నేనేమీ చూడలేదండి."

"ఈ కుర్చీలో ఇంకెవరూ కూర్చోరు గదా."

దీవెన పని మీదికి వంగింది. ఆమె చేతిలో పరీక్ష నీళ్ళ గాజుబుడ్డి ఉంది. పైనున్న సన్నగొట్టంలోంచి మందు చుక్క చుక్కగా పడుతోంది. దానిమ్మ రంగు నీళ్ళు నీలంగా మారే చుక్క దగ్గర ఆపాలి. ఆమె ఆపలేదు. నీలం దాటిపోయింది. దీవెన చేతిలో అలా దాటిపోవడం మెహరున్నీసా ఎప్పుడూ చూడలేదు.

అచ్యుతరావు గారు బల్ల మీది తెరని రెండు చేతులా పట్టుకుని తన కుర్చీ వైపు తిప్పారు.

"రేపు గూడెం నుంచి కంప్యూటరు బాగుచేసే అమ్మాయి వస్తుంది. ఎప్పుడు చెడిందో, ఎలా చెడిందో తనే చెబుతుంది. నీ పని అని తేలితే మాత్రం ఎల్లుండి నుంచి రానక్కర్లేదమ్మా. మీ నాన్నగారితో నేను మాట్లాడతాను."

ఆ చివరి మాటకి దీవెన తల ఎత్తింది. ఉద్యోగం పోవడం కన్నా, ఎందుకు పోయిందో ఈయన నాన్నకి చెప్పడమే ఆమెని భయపెట్టిందని మెహరున్నీసాకి తెలిసిపోయింది. లంకలో ఆ మాట ఇల్లిల్లూ తిరుగుతుంది.

తను సోమవారం నొక్కిన మీట ఆమెకి గుర్తు రాలేదు. తను శుభ్రం చేసింది. చెడగొట్టినవాళ్ళు ఇంకెవరో ఉన్నారు.

*

బుధవారం పాసింజరు దిగి రెహానా వచ్చింది. ముప్పై ఏళ్ళ మనిషి. నల్ల బురఖా మీద భుజానికి బడిపిల్లల సంచీ లాంటిది. అందులోంచి ముందు టిఫిను డబ్బా తీసి పక్కన పెట్టింది.

"జబ్బు ఎన్నాళ్ళ నుంచండి?" అంది కంప్యూటరు వైపు చూస్తూ.

"సోమవారం మధ్యాహ్నం నుంచి," అంది దీవెన.

రెహానా మొదట ఇంటర్నెట్ వైరు పీకేసింది. "ఇది ఉన్నంతసేపూ బయటినుంచి చుట్టాల్ని పిలుస్తూనే ఉంటుంది," అంది. తరవాత ఆపి, మళ్ళీ వేసేటప్పుడు ఏదో మీట పట్టుకుంది. ఈసారి తెర పేలవంగా, బొమ్మలేమీ లేకుండా లేచింది. దానికి మరీ అవసరమైన సామాను తప్ప ఏదీ లేవకుండా లేపే పద్ధతట అది. చీటీల్లేవు. ఆడమనిషి లేదు. మెహరున్నీసా చీపురు గోడకి ఆనించి అక్కడే నిలబడిపోయింది.

రెహానా ఒక జాబితా తెరిచింది. ఆ కంప్యూటరులో కాపురం ఉంటున్న ప్రోగ్రాములన్నీ అందులో ఉన్నాయి. ఏది ఎప్పుడు వచ్చిందో ఆ వరసలో పెట్టమని చెప్పగానే జాబితా మొత్తం ఒక్కసారి కదిలి కొత్తవి పైకొచ్చాయి.

"చూశారా? నాలుగేళ్ళుగా ఎవరూ రాలేదు. మొన్న సోమవారం ఒక్కరోజే ముగ్గురు వచ్చారు."

మూడింటినీ ఒక్కొక్కటే తీసేసింది. ఆపి మళ్ళీ వేసింది. పావుగంటకి లేచింది. ముగ్గురిలో ఇద్దరు మళ్ళీ అక్కడే ఉన్నారు.

అప్పటిదాకా వాకిట్లో ఫోను మాట్లాడుతున్న అచ్యుతరావు గారు లోపలికొచ్చి తొంగిచూశారు.

"గుర్రపుడెక్క కూడా ఇంతేనమ్మా. తీయించిన మర్నాడే మళ్ళీ చెరువు నిండితే, చెరువులో వెతికి లాభం లేదు. తూములోంచి వస్తోందన్నమాట."

"తూము కోసమే చూస్తున్నానండి," అని నవ్వింది రెహానా.

తూము దొరకడానికి గంట పట్టింది. కంప్యూటరు లేవగానే తనతో పాటు ఎవరెవర్ని లేపుతుందో ఇంకో జాబితా ఉంది. దాని అడుగున, ఏ గంటకి ఏ పని చెయ్యాలో కంప్యూటరుకి ముందే చెప్పి ఉంచే పట్టీ ఉంది. అందులో ఎవరూ చూడని మూలన ఒక వరస దాక్కుని ఉంది. రోజూ పది నిమిషాలకోసారి, పోయినదాన్ని తెచ్చి మళ్ళీ పెట్టమని. రెహానా ఆ వరస చెరిపేసింది. తరవాత పెన్‌డ్రైవ్ పెట్టి కంప్యూటరు మొత్తం వెతికించింది. అంకెలు గిర్రున తిరిగాయి. లక్ష. రెండు లక్షలు.

"అవన్నీ ఏంటమ్మా?" అంది మెహరున్నీసా గొంతు తగ్గించి.

"ఫైళ్ళు ఖాలా. ఒక్కొక్కటీ తెరిచి చూస్తోంది," అంది రెహానా. ఖాలా అంటే పిన్ని.

"ఇంత పెట్టెలో రెండు లక్షలా?"

"ఇంకా ఉన్నాయి. ఒక్కొక్కదానికీ ఎప్పుడు పుట్టిందో కూడా రాసి ఉంటుంది. రోజు, గంట, నిమిషం."

మెహరున్నీసా చెయ్యి తనకి తెలియకుండానే భుజం మీదికి వెళ్ళింది. మనిషి రెండు భుజాల మీదా ఇద్దరు కూర్చుని చేసిందల్లా రాస్తూ ఉంటారని చిన్నప్పుడు నాన్న చెప్పేవాడు. చదువు రాని రోజుల్లో, వాళ్ళు రాసినా తను ఎలాగూ చదవలేనులే అనుకునేది. ఇప్పుడు ఆ రాత తెర మీద తెలుగులో కనిపిస్తోంది. దుమ్ము పట్టిన ఈ పెట్టె కూడా రాసి పెట్టుకుంటోంది. ఎవరూ చూడనప్పుడు జరిగింది కూడా.

వెతకడం ఆగింది. దొరికినవి పదకొండు. అన్నిటికన్నా పైన, పేరు పక్కన, పచ్చటి చీపురు బొమ్మ.

ఆమె ఆ బొమ్మనే చూస్తూ ఉండిపోయింది.

"ఇదీ మహాతల్లి," అంది రెహానా దాన్ని చూపిస్తూ. "శుభ్రం చేస్తానని చెప్పి తలుపు తీయించుకుంది. మిగతావాళ్ళని ఇదే లోపలికి తెచ్చింది. బొమ్మలు చూడ్డం వల్ల వచ్చింది కాదండి ఇది. పెట్టె వచ్చి అడిగితే ఎవరో అవునన్నారు. సోమవారం ఆరూ పదికి. పొద్దున్న."

*

అచ్యుతరావు గారు తెర దగ్గరికి వంగి ఆ టైము చూశారు.

"ఆరూ పదికి," అన్నారు అచ్యుతరావు గారు. దీవెన వైపు తిరిగారు. "సోమవారం తొందరగా వచ్చావా అమ్మా?"

దీవెన చేతులు బల్ల మీద ఉన్నాయి. సీసాలకి మూతలు పెడుతోంది. ఆమె ఆటో ఎప్పుడూ ఆరున్నరకి కానీ రాదు. ఆ ముక్క చెబితే చాలు. చెప్పలేదు. మెహరున్నీసా వైపు చూడనూ లేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతోందో ఆ మెడ బిగువులోనే తెలుస్తోంది.

ఈ పిల్లకి తెలిసిపోయింది, అనుకుంది మెహరున్నీసా. ఆరూ పది అనగానే తెలిసిపోయింది.

"మాట్లాడవేంటమ్మా? ఆ టైముకి తాళం తీసి ఉండేది మెహరున్నీసా. ఆవిడకి అక్షరమ్ముక్క రాదు. పెట్టె వచ్చి అడిగిందంటే అది చదివి ఒప్పుకోవాలి గదా. ఇది చదువొచ్చిన వాళ్ళ పని."

"నేనేనండి," అంది మెహరున్నీసా.

ఆయనకి వినపడలేదేమో అనుకుని దగ్గరికి వచ్చింది.

"ఏవండీ రావుగారూ, ఆ మీట నొక్కింది నేనండి. దీవెన అప్పటికింకా రాలేదు."

"ఊరుకోవమ్మా. పిల్ల మీద ప్రేమ ఉంటే ఉండనీ, అబద్ధమెందుకు? నువ్వు దాన్ని ముట్టుకుంటావా? ముట్టుకున్నా అక్కడ ఏం రాసుందో నీకెలా తెలుస్తుంది?"

మెహరున్నీసా చీర కొంగుకి చేతులు తుడుచుకుంది. అవి పొడిగానే ఉన్నాయి. రెహానా తెర మీద అప్పుడే ఒక పెట్టె తెరిచి ఉంచింది. ఆ పదకొండింటినీ తీసెయ్యడానికి కంప్యూటరు అడుగుతున్న పెట్టె. మెహరున్నీసా వంగింది. వేలు గాలిలోకి ఎత్తింది.

"ఈ," అంది. ఆగింది. గొంతు సవరించుకుంది. "ఈ... అం...శా...లను..."

బయట లారీ ఒకటి గేటు దగ్గర ఆగి హారను కొట్టింది. ఆమె అది అయ్యేదాకా ఆగి, వేలు ఉన్నచోటి నుంచే మొదలుపెట్టింది.

"...పూ...ర్తి...గా... తొ...ల...గిం...చ...మంటారా."

ఎవరూ నవ్వలేదు. రెహానా మౌసు మీద నుంచి చెయ్యి తీసేసింది. అచ్యుతరావు గారి కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నాయి. ఆయన వాటిని పైకి తోసుకోలేదు.

"అ...వు...ను," అని చదివి ఆమె వేలు పక్కకి జరిపింది. "కా...దు."

ఆమె అచ్యుతరావు గారి వైపు తిరిగింది.

"ఆ రోజు మొదటి మాట దగ్గరే ఆగిపోయానండి. చదవగలిగానన్న సంతోషంలో పక్కన ఇంకో మాట ఉందని చూసుకోలేదు. చెత్త ఉందంటే, శుభ్రం చేసేది నేనే గదా అనుకున్నాను. దుర్గాసాయిగారి చేపలకి నేనే జవాబు చెప్పుకుంటానండి. ఈ పిల్ల చేసిన తప్పల్లా నాకు అక్షరాలు నేర్పడమే."

ఆమె వెళ్ళి చీపుర్ల బీరువా తలుపు తీసింది. లోపల వరసలు వరసలుగా చీటీలు. పెన్సిలుతో కింద మళ్ళీ రాసిన వంకర అక్షరాలు. అచ్యుతరావు గారు లేచి వెళ్ళి చాలాసేపు చూశారు. ఒక చీటీ దగ్గర వేలు ఆగింది. అది ఆయన సొంత చెరువుది. ఆయన పేరే. కింద ఆమె నాలుగుసార్లు రాసింది. మొదటి రెండిట్లో చకారం కింద య ఒత్తు లేదు.

"నేర్చుకున్నావని చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదండి."

ఆయన బల్ల దగ్గరికి తిరిగొచ్చారు. తెరని రెండు చేతులా పట్టుకుని, నెమ్మదిగా, మళ్ళీ దీవెన కుర్చీ వైపు తిప్పారు. వైరు మెలిపడితే వంగి సరిచేశారు. దుమ్ము పట్టిన తెర అంచు తన కండువాతో తుడిచారు. అప్పుడు దీవెన ఏడ్చింది. మూడు రోజులుగా ఏడవని మనిషి.

"దుర్గాసాయి దగ్గరికి నేను వెళతాను," అన్నారు ఆయన గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ. "తెలుసుకోకుండా మాట అన్నవాణ్ణి నేను."

రెహానా కుర్చీ వెనక్కి జరిపింది.

"ఖాలా, మీరే రప్పించారు. మీరే పంపించండి."

"మళ్ళీ తప్పు నొక్కితే?"

"చదివారుగా."

మెహరున్నీసా మొదటిసారి ఆ కుర్చీలో కూర్చుంది. రెండు మాటలూ మళ్ళీ ఒకసారి చదువుకుంది. బాణం మెల్లగా వెళ్ళి మొదటి మాట మీద ఆగింది. నొక్కింది. పదకొండు వరసలు ఒకదాని వెనక ఒకటి ఆరిపోయాయి. పచ్చ చీపురు అన్నిటికన్నా ఆఖరున పోయింది.

*

గురువారం పొద్దున్న ఆమె గొట్టాలు మూడోసారి కడిగి బోర్లించి, చెయ్యి తుడుచుకుని స్విచ్చి నొక్కింది. నొక్కొచ్చా అని అంతకుముందు సాయంత్రమే దీవెనని అడిగింది. ఇకనుంచి అడగక్కర్లేదని దీవెన అంది.

తెర లేచింది. శుభ్రంగా ఉంది. ఆమె బల్ల తుడుస్తుండగా కింద మూలన ఒక చిన్న పెట్టె వచ్చింది. ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. పారిపోదామా అనిపించింది. ఆరూ పన్నెండు. దీవెన రావడానికి ఇంకా టైముంది.

వంగింది. చదివింది. ప్రింటరు కంపెనీ వాళ్ళు తమ కొత్త సంగతులు పంపవచ్చా అని అడుగుతున్నారు. మర్యాదగానే అడుగుతున్నారు. మళ్ళీ మొదటి నుంచి చదివింది. అవును. ఆ మాట మీద వేలు ఆగలేదు. పక్కకి జరిగింది.

కాదు.

రెండే అక్షరాలు. ఏనాడూ ఎవరితోనూ ఆమె ఆ మాట అనలేదు. నాన్నతో గానీ, పోయిన భర్తతో గానీ, ఇన్నేళ్ళుగా పని చేసిన ఏ ఇంటివాళ్ళతో గానీ. అనవచ్చని రాసి కూడా ఉందని ఆమెకి తెలియదు.

నొక్కింది.

పెట్టె మారు మాట్లాడకుండా వెళ్ళిపోయింది. రెండు లక్షల కాగితాలు కడుపులో పెట్టుకున్న యంత్రం, గంటా నిమిషం మరిచిపోని యంత్రం, ఆమె మాట విని వెనక్కి తగ్గింది. ఎక్కడో ఒక మూలన రాసుకునే ఉంటుంది, ఆరూ పదమూడుకి ఈమె కాదంది అని. రాసుకోనీ, అనుకుంది మెహరున్నీసా. గుడ్డ తడిపి, మిగిలిన సగం బల్ల తుడవడం మొదలుపెట్టింది.

*

ఇది రాసింది మెహరున్నీసా. వయసు యాభై ఎనిమిది. ఇప్పుడు ఉంటున్నది ఏలూరు తంగెళ్ళమూడిలో, కూతురి దగ్గర. పొద్దున్నే మొదటి బస్సుకి భీమడోలు వెళుతుంది.